అత్తకి ఆకులో పెట్టనివ్వని కూర

మా పక్క గది అత్త పోయింది. పొద్దున పోతే నాకు మధ్యాహ్నం తెలిసింది. నేను పురసవాక్కంలో ఒక బట్టల షాపులో చీరలు చూపిస్తాను. లోపలికి వెళ్లేటప్పుడే మా ఫోన్లు తీసుకుని లాకర్‌లో పెట్టేస్తారు. భోజనానికి వదిలినప్పుడు చూసుకుంటే మా కాంపౌండులో ఉండే ఆటో అన్న పంపిన మాట ఉంది: "మీ అత్త లేదు పాపా. వచ్చెయ్యి." సూపర్‌వైజర్ "సొంత అత్తా?" అని అడిగింది. కాదన్నాను. అయితే సాయంత్రం వెళ్లమంది. చెప్పకుండా వచ్చేశాను.

సొంతం కాదు, నిజమే. చిత్తూరు వైపు నుంచి వచ్చి కోడంబాక్కంలో ఆ వరస గదుల్లో దిగిన రోజు పక్క గుమ్మంలోంచి ఒకామె, "తెలుగు పిల్లవా? ఈడ నీళ్లు తెల్లారకముందే వస్తాయి, బిందె పెట్టుకో" అంది. అప్పటినుంచి అత్త.

ఈ ఊరికి ఉద్యోగాలకొచ్చిన విదేశీయుల ఇళ్లలో అత్త వంట చేసేది. జర్మనీ వాళ్లు, కొరియా వాళ్లు, ఫిలిప్పీన్స్ వాళ్లు. వాళ్ల దగ్గర నేర్చిన పంది మాంసం వంటలన్నీ తన గదిలో నాకు వండి పెట్టింది. బట్టల షాపుకు ఆదివారం సెలవుండదు. నా సెలవు మంగళవారం. మంగళవారం పూట ఆ నీచు వాసనేమిటని కాంపౌండులో గొణిగితే, "ఈ పిల్లకి సెలవిచ్చింది సామి కాదు, షాపోడు. పోయి ఆయన్ని అడగండి" అనేది.

జర్మనీ వాళ్లు ఊరు వదిలిపోతూ ఇచ్చిన పాత ఓవెన్ ఒకటి ఉండేది. తోలున్న ముక్క తెచ్చి, ఉప్పు రుద్ది, ఓవెన్‌లో పెట్టేముందు గదిలో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యాన్ దాని మీదికి తిప్పేది. నాకు చెమటలు కారిపోయేవి.

"మనవైపు తిప్పరాదా అత్తా?"

"తోలు ఆరకపోతే కరకరలాడదు. నువ్వు ఆరకపోతే ఏమి?"

ఫిలిప్పీన్స్ కూరకి వెల్లుల్లి, సోయా సాస్, బిర్యానీ ఆకు, వినిగర్. వినిగర్ పోశాక గరిటె పెడితే చెయ్యి మీద ఒకటేసేది. "పొంగొచ్చేదాకా కదపొద్దు, కదిపితే పచ్చివాసన పోదు. నీ కోపం కూడా అంతే. పొంగినాక మాట్లాడు."

కొరియా వాళ్లలా కొవ్వున్న ముక్కలు దోసె పెనం మీద కాల్చేది. వాళ్లు చుట్టుకు తినే ఆకులు దొరక్క తమలపాకు తెచ్చింది. ముక్క, వెల్లుల్లి, కారం పెట్టి చుట్టి నా నోట్లో పెట్టింది. "పక్కనున్నోళ్లకి పెట్టాలంట, వాళ్ల మర్యాద" అంది. ఈ ఊరొచ్చాక నా నోటికి ఒకరు ముద్ద అందించడం అదే మొదలు. కారం ఎక్కువైందని చెప్పి కళ్లు తుడుచుకున్నాను.

మా ఇంట్లోనూ పంది మాంసం తింటాం. బయట చెప్పొద్దని పెంచారు. షాపులో అన్నం డబ్బా తెరిస్తే పక్కవాళ్లు లేచి వెళ్లిపోయారని ఏడిస్తే అత్త నవ్వింది. "పోనీ. నీకు చోటు ఎక్కువ." దాచుకోకుండా తినడం నాకు నేర్పింది ఆమే.

పెద్దకర్మ రోజు ఫోటో ముందు ఆకు వేసి పోయినవాళ్లకి ఇష్టమైనవి పెడతారు. నేను వినిగర్ కూర వండుకుని అత్త గదికి వెళ్లాను. అత్త తమ్ముడు గిన్నె మూత ఎత్తి చూశాడు.

"ఏందిది, పందా?" గొంతు తగ్గించాడు. "నలుగురూ ఉండారు. ఎత్తు దాన్ని."

"అత్తకి ఇష్టం."

"మా యక్క కూలికి వండింది. నోట పెట్టింది లేదు."

"నా పక్కన కూర్చుని తినింది, ప్రతి మంగళవారం."

"చూడమ్మా, మా పాపకి సంబంధాలు చూస్తా ఉండాం. ఈ మాట మళ్లీ అనొద్దు."

కాంపౌండు వాళ్లవైపు చూశాను. వాసనకి గొణిగినవాళ్లే, రోజూ చూసినవాళ్లే. ఒకరు కుర్చీలు సర్దారు, ఒకరు ఫోన్ తీశారు. ఆటో అన్న మాత్రం, "వదిలెయ్యి పాపా, వాళ్లింటి సంగతి" అన్నాడు. ఆకులో వడ, పాయసం. అత్తకి షుగరు, పాయసం ముట్టేదే కాదు. ఇష్టమైనవి పెడతారట. ఆమె తిన్న తిండిని ఆమె బతుకులోంచి తీసి పారేసి, ఆ ఖాళీలో పాయసం పోశారు. అరవాలనిపించింది. చనిపోయినామె ముందు అరవలేక గిన్నె తీసుకుని వచ్చేశాను.

నా గదిలో చాప పక్కన ఆకు వేశాను. అన్నం, కూర, గ్లాసుతో నీళ్లు పెట్టాను. వడ్డించాక తలుపు మూసి బయట ఉండాలి, పోయినవాళ్లు నిదానంగా తినేదాకా. మళ్లీ లోపలికి వెళ్లేముందు తలుపు తట్టాలి. తలుపు మూసి బయట నిలబడ్డాను. వాన తుంపర పడుతోంది. అవతల అద్దె కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. గదిలో ఉండేది నేనొక్కదాన్నే కాబట్టి ఆ తలుపు తట్టాల్సిన పని నాకెప్పుడూ పడలేదు. చెయ్యెత్తి మెల్లగా తట్టి, కాసేపు ఆగాను.