బరువులెత్తకూడదన్నారు

మా చిన్నమ్మాయిని నిలబడి ఎత్తుకున్న గుర్తు నాకు లేదు. ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను, పక్కలో పడుకోబెట్టుకున్నాను, జోకొట్టాను. నేల మీదున్న పిల్ల రెండు చేతులూ చాపితే అందుకుని చంకన వేసుకోవడం అనే మామూలు పని మాత్రం నాకు దక్కలేదు. అది పుట్టినప్పుడు పెద్ద ఆపరేషనూ, దాంతోపాటే ఇక పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషనూ కలిపి చేశారు. ఇంటికి పంపేటప్పుడు నర్సు "బరువులెత్తకమ్మా" అంది. మా అత్తయ్యగారు ఆ మాటను కొంగున ముడేసుకున్నారు. ఎప్పటిదాకా అని ఆవిడ అడగలేదు. నేనూ అడగలేదు.

అలా ఏళ్ళు గడిచిపోయాయి. మా ఏలూరు ఇంట్లో మంచినీళ్ళ టిన్ను వస్తే మావారు ఎత్తి స్టాండు మీద పెట్టేవారు. ఆయన ఊళ్ళో లేకపోతే అత్తయ్యగారు టిన్ను కొంచెం కొంచెంగా వంచి చెంబుల్లోకి వంపేవారు గానీ నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు. నా చేతిలో తడిబట్టల బకెట్టు కనిపిస్తే చాలు, చేస్తున్న పని వదిలేసి వచ్చి లాక్కునేవారు. "అమ్మాయ్, ఆపరేషనైన ఒళ్ళు. రేపు గర్భసంచి జారితే ఎవరు పడతారమ్మా ఆ బాధ?" అనేవారు. ఆవిడ గయ్యాళి అయి ఉంటే పోట్లాడేదాన్ని. నాకసలే ముక్కు మీద కోపం. ప్రేమతో బకెట్టు లాక్కునే మనిషితో ఎలా పోట్లాడతాం? పోనుపోను నాకే అలవాటైపోయింది. బడిలో సుద్దముక్క, ఇంట్లో గరిటె. అంతకు మించిన బరువు ఎలా ఉంటుందో నా చేతులు మరిచిపోయాయి.

నా బాధల్లా చిన్నదాని గురించే. బస్సులో నిద్రపోతే వాళ్ళ నాన్న ఎత్తుకునేవారు, పెళ్ళిళ్ళలో నానమ్మ ఎత్తుకునేది. ఎవరైనా "అమ్మ దగ్గరికి వెళ్ళవే" అంటే, "మా అమ్మ ఎత్తుకోకూడదండి, ఆపరేషనయ్యింది" అని ఆరిందాలా చెప్పేది. విన్నవాళ్ళు నవ్వేవాళ్ళు, నేను తప్ప. అది బళ్ళో చేరింది, పొడుగవుతోంది. ఇంకొన్నాళ్ళు పోతే నేను రమ్మన్నా సిగ్గుపడుతుంది. ఈలోపు ఒక్కసారైనా ఎత్తుకోకపోతే ఇక ఈ జన్మకు లేనట్టేనన్న దిగులు నన్ను పట్టుకుంది.

నేను తాడేపల్లిగూడెంలో పాఠాలు చెబుతాను. రోజూ పొద్దున్నే ఏలూరులో ప్యాసింజరెక్కుతాను. చలికాలం భీమడోలు దాటాక కిటికీలోంచి చూస్తే ఏదీ నేల మీద ఉండదు. కొబ్బరిచెట్లకు మొదళ్ళు కనపడవు, తలలు మాత్రం మంచులో తేలుతుంటాయి. గట్ల మీద గేదెలు కాళ్ళు లేకుండా నడుస్తుంటాయి. చేపల చెరువుల్లో ఏరేటర్లు తిరుగుతూ నీళ్ళను నురగ చేసి పైకి విసురుతుంటాయి, ఆ నురగకూ మంచుకూ తేడా తెలియదు. ఆ లోకంలో దేనికీ బరువు లేదు. నేను కళ్ళు మూసీ మూయకుండా కూర్చుని అన్నిటినీ ఎత్తేదాన్ని. ఒక కొంగను, ఒక గేదెను, స్టేషను మాస్టరు గదిని, ఆఖరికి మా చిన్నదాన్ని. అది నా చంకన కూర్చుని మెడ మీద ముఖం ఆనించేది. పూళ్ళ స్టేషనులో బండి కుదుపుతో ఆగేది. నా ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు ఉండేది.

ఒకరోజు స్టాఫ్ రూములో కుర్చీ జరపడానికి పిల్లల్ని పిలిచాను. మా బడిలో ఆటలు నేర్పే మేడమ్ చూసి, "అదేంటండీ, మీరే జరుపుకోవచ్చుగా?" అన్నారు. ఆపరేషను సంగతి చెప్పాను. "ఎన్నాళ్ళు ఎత్తొద్దన్నారండీ?" అని అడిగారు. "అది అడగలేదండీ" అన్నాను. ఆ శనివారమే ఏలూరులో లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ పరీక్ష చేసి, "కుట్లు మానేదాకానమ్మా. అవి ఎప్పుడో మానాయి. మీ పాప బళ్ళోకి కూడా వెళుతోందంటున్నావుగా?" అన్నారు. బయటికొచ్చి ముందు నవ్వుకున్నాను. తరువాత ఒళ్ళు మండింది. ఎవరి మీద కోప్పడాలో తెలియక ఆటో అతని మీద విసుక్కున్నాను.

ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా పిల్లను పట్టుకుని ఎత్తబోయాను. అరచేతి ఎత్తు కూడా లేవలేదు, నడుములో కలుక్కుమంది. పిల్లను వదిలేసి గోడ పట్టుకున్నాను. అది కెవ్వుమని ఏడ్చింది. మంచం దిగడానికి నాకు వారం పట్టింది. అత్తయ్యగారు నన్ను ఒక్క మాట అనలేదు. చిన్నది మాత్రం గుమ్మం దగ్గరే నిలబడి, "నా వల్లేనా అమ్మా?" అని అడిగింది. అప్పట్నుంచి నేను చేతులు చాపితే చాలు, దూరంగా పారిపోయేది.

ఆటల మేడమ్ ఈ కథంతా విని, "ఎత్తకూడని ఒళ్ళు కాదండీ మీది. ఎత్తడం మరిచిపోయిన ఒళ్ళు. మళ్ళీ నేర్పాలి" అన్నారు. సాయంత్రం బడి వదిలాక, బండి వచ్చేలోపు, ఆటసామాను గదిలో నేర్పడం మొదలుపెట్టారు. మొదట కుర్చీలో కూర్చోవడం, చేతులు ఆనించకుండా లేవడం. ఇంతేనా అనుకున్నాను. మర్నాడు స్టేషను మెట్లు దిగలేక రెయిలింగు పట్టుకుని దేవుణ్ణి తలుచుకున్నాను. తరువాత ఇసుక నింపిన సీసాలు, ఆ తరువాత ఇనుప డంబెల్సు. నడుము విల్లులా వంచి బరువు లాగడం మానేసి, మోకాళ్ళు మడిచి బరువుకు దగ్గరగా వెళ్ళి కాళ్ళతో లేవడం నేర్చుకున్నాను.

నెమ్మదిగా మరో ఇద్దరు టీచర్లు కూడా చేరారు. ఒకావిడకు మోకాళ్ళ నొప్పులు, ఇంకొకావిడకు కవలలు. చీర కుచ్చిళ్ళు దోపుకుని, ఇనుము పట్టుకుని, ఇంటికెళ్ళి ఏం కూర వండాలో మాట్లాడుకుంటూ చేసేవాళ్ళం. నాకు ఆ గదిలో ఒక చిత్రమైన మత్తు ఉండేది. కిటికీలోంచి ఉల్లిపాయల మార్కెట్టు ఘాటు, సాయంకాలపు పసుపు ఎండ వచ్చేవి. బరువు పైకి లేస్తున్నంతసేపూ బుర్రలో ఏ పనీ ఉండేది కాదు. దించాక చేతులు వాటంతటవే పైకి తేలుతున్నట్టుండేది. నిద్ర బాగా పట్టసాగింది. పిల్లల మీద అరవడం తగ్గింది. నడుము నొప్పి ఎప్పుడు పోయిందో చూసుకోనేలేదు. తీరా చూస్తే నేను బలం పెంచుకుంటుంటే అవతల చిన్నదీ ఊరుకోవడం లేదు, అదీ పెరుగుతోంది. వాళ్ళ నాన్న దానికి ఇంకో పూరీ వేస్తుంటే నాకు గుండె దడగా ఉండేది.

ఒక ఆదివారం మావారు లేనప్పుడు నీళ్ళ టిన్ను వచ్చింది. దాన్ని ఎత్తి స్టాండు మీద పెట్టాను. వెనక్కి తిరిగితే అత్తయ్యగారు.

"ఎవరు పెట్టారమ్మా అది?"

"నేనేనండి."

ఆవిడ అక్కడే పీట మీద కూలబడిపోయారు. భోజనాలయ్యాక ఆముదం వెచ్చబెట్టి తెచ్చి, "నడుముకి రాస్తాను, తిరుగు" అన్నారు. రాస్తూ రాస్తూ నా వీపుకి చెప్పారు. "నేనెత్తాను అమ్మాయ్. మా కొల్లేటి లంకలో మంచినీళ్ళు లేవు కదా. పురిటి ఒంటితోనే దోనె మీద వెళ్ళి బిందెలు మోసుకొచ్చేదాన్ని. నాకు జారింది. మగాళ్ళకి చెప్పుకునేదా, ఏవిటి? ఇన్నేళ్ళూ అలాగే ఉన్నాను." నా కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. ఇన్నాళ్ళూ ఆవిడ నా చేతిలోంచి లాక్కున్నది తన బిందెల్నని అప్పుడు తెలిసింది. మరుసటి వారమే ఆవిణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. అక్కడ నా సంగతీ డాక్టరు నోటితోనే చెప్పించాను. వింటూ తలూపారు గానీ మనసు పూర్తిగా ఒప్పుకోలేదు.

ఆ చలికాలమే ఆవిడ పుట్టిల్లు చూడడానికి ఆకివీడు మీదుగా కొల్లేటి లంకకు వెళ్ళాం. మావారూ, పెద్దమ్మాయీ రోడ్డు మీద కారు దగ్గర ఉండిపోయారు. అత్తయ్యగారూ, నేనూ, చిన్నదీ దోనె ఎక్కాం. నీళ్ళూ ఆకాశమూ ఒకే రంగులో ఉన్నాయి. దూరంగా గూడబాతులు గుంపుగా కూర్చుని ఉన్నాయి, లేచినప్పుడు ఆకాశంలోకి లేచాయో నీళ్ళలోకి దిగాయో చెప్పలేం. చిన్నది నీళ్ళలో వేలు పెట్టి గీత గీస్తూ కూర్చుంది.

తిరిగొచ్చేటప్పుడు దోనె గట్టుకి చేరీ చేరకముందే అది చెప్పుల్లేకుండా బురదలోకి దూకింది. నత్తగుల్ల కోసుకుని మడమ నుంచి రక్తం కారింది. రోడ్డు దాకా అంతా బురదే. దోనె నడిపే అతను ముందుకొచ్చి, "పాపనిలా ఇవ్వండమ్మా, దాటించేస్తాను" అన్నాడు.

"నేనెత్తుకుంటానండి," అన్నాను.

"వద్దమ్మా," అంది చిన్నది. "నాన్నని పిలవండి. అందాకా ఒంటికాలి మీద నిలబడతాను."

నేను బురదలో మోకాళ్ళు మడిచి కూర్చున్నాను. ఒక చెయ్యి దాని వీపుకి, ఒక చెయ్యి తొడల కిందికి పోనిచ్చి దగ్గరికి లాక్కుని లేచాను. కలుక్కుమనలేదు. లేచి నిలబడ్డాను. అడుగు వేశాను. వెనకాల అత్తయ్యగారు ఒక చేత్తో చీర ఎత్తిపట్టుకుని, రెండో చెయ్యి నా నడుము వెనక చాపి, ముట్టుకోకుండా నడుస్తున్నారు.

పిల్ల కర్రలా బిగుసుకుపోయింది. ముఖం చూస్తే ఎర్రగా కంది ఉంది, పెదాలు గట్టిగా మూసుకుంది.

"ఏమైందే? నొప్పిగా ఉందా?"

తల అడ్డంగా ఊపింది. అప్పుడు అర్థమైంది, అది ఊపిరి బిగబట్టింది.

"ఎందుకే?"

"బరువు తగ్గుతానని," అని ఒక్క గుక్కలో చెప్పి మళ్ళీ బిగబట్టింది.

బురద మధ్యలో ఆగిపోయాను. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. "ఊపిరి తీసుకో తల్లీ," అన్నాను. "నీ బరువంతా నాకు కావాలి."

అది నా భుజం మీదుగా నానమ్మ వైపు చూసింది. నానమ్మ ఏం సైగ చేసిందో నాకు కనపడలేదు. పిల్ల ఊపిరి వదిలింది. తల నా మెడ మీద వాలింది, కాళ్ళు వదులయ్యాయి, ఒక్కసారిగా ఎంతో బరువైపోయింది. రోడ్డు ఇంకా చాలా దూరం ఉంది. నేను తొందరపడకుండా నడిచాను.