మా పల్లె పేరు చెప్పినందుకు

మా అత్త పోయిందన్న కబురు వచ్చేసరికి నేను మార్కాపురంలో, నేను పనిచేసే జిరాక్స్ షాపులో ఉన్నాను. ఒక రైతు పాసుపుస్తకం నకళ్ల కోసం కౌంటరు దగ్గర నిలబడి ఉన్నాడు. ఫోన్లో నాయన ఎక్కువ మాట్లాడలేదు. "అత్త లేదమ్మా. డయాలిసిస్‌కు పోదామని చెప్పులేసుకుంటా వాకిట్లోనే కూలబడిపోయింది. నువ్వు బస్సెక్కు" అన్నాడు. సరేనన్నాను. రైతుకు కాగితాలిచ్చి పంపించాను. తర్వాత కుర్చీలో కూర్చుంటే ఎదురుగా కంప్యూటర్లో, ముందురోజు అత్త పేరు మీద నేను సగం టైపు చేసి వదిలేసిన అప్పీలు కనపడింది. "నా పేజీని తిరిగి తెరవవలసిందిగా" అన్నచోట ఆగిపోయి ఉంది. షాపాయన వచ్చి "ఏందమ్మా అట్ల కూర్చున్నావు?" అని అడిగేదాకా నాకు ఏడుపు రాలేదు.

ఆమె మా నాయనకు అక్క. మామ పోయి చాలా ఏళ్లయింది. పిల్లలు లేరు. కంది చేలల్లో, మిరప చేలల్లో కూలి చేసి బతికింది. చిన్నప్పుడు ఆదివారం బడిలో బైబిలు పట్టుకుని అక్షరాలు నేర్చుకుంది. అందుకేనేమో ఏ కాగితం చేతికిచ్చినా, కరెంటు బిల్లయినా సరే, అక్షరాల కింద వేలు పెట్టి, వాక్యం చదివినట్టు పైకి చదివేది.

మా ఊరు పుల్లలచెరువు దాటి అడివి వైపు పోయే దారిలో ఉంది. నీళ్ల పైపు ఊరంతా తిరిగి చిట్టచివరికి మా మాదిగపల్లెకు వస్తుంది. అప్పటికి ట్యాంకులో నీళ్లు మిగిలితే మాకు, లేకపోతే కుళాయిలోంచి గాలి. బోరు నీళ్లు ఉప్పగా, చేదుగా ఉంటాయి. వేరే దారి లేక అవే తాగుతాం. ఆమె కిడ్నీలు పోయింది ఆ నీళ్ల వల్లనేనా అని ఒకసారి డాక్టరును అడిగాను. ఆయన అవుననలేదు, కాదనలేదు.

ఉపాధి పనుల్లో ఆమెను మేటుగా, అంటే కూలీల హాజరు చూసే మనిషిగా, పెట్టినప్పుడు, కూలీలు పనిలో ఉన్నట్టు రోజూ ఫోటోలు పంపాలన్నారు. ఆ పని కోసమే స్మార్ట్‌ఫోన్ కొన్నది. ఫోటోలు తీయడం వచ్చిన వారానికే వీడియోలు తీయడం కూడా వచ్చింది. ఆ క్రిస్మస్ సెలవుల్లో, వాటిని నలుగురికీ చూపించడానికి ఇంటర్నెట్‌లో ఆమె పేరు మీద పేజీ తెరిచి ఇచ్చింది నేనే.

ఆమె వీడియోలన్నీ ఒకే రకంగా మొదలయ్యేవి. ముందు పైట కొంగుతో ఫోను అద్దం తుడిచేది. కొంగు తెర మీద ఇటూ అటూ కదలడం కూడా వీడియోలో పడేది. తర్వాత, "అందరికీ వందనాలు. ఇది మా మాదిగపల్లె. ఇయ్యాల సోమారం. మాకు కుళాయి వచ్చి నాలుగు రోజులాయె" అని వరసగా పెట్టిన ఖాళీ బిందెలు చూపించేది. ఎవరినీ తిట్టేది కాదు. ఏడ్చేది కాదు. చివర్లో, "నీళ్లొస్తే వచ్చినాయని గూడా చెప్తా" అనేది. అన్నట్టే చెప్పేది కూడా. వచ్చిన రోజు నిండిన బిందెలు చూపించి, పంపించినవాళ్లకు వందనాలు చెప్పేది.

జనం చూడడం మొదలుపెట్టారు. పనుల మీద బయట ఊళ్లల్లో ఉండే మా వాళ్లు పంచుకున్నారు, వాళ్ల నుంచి ఇంకెవరెవరో. ఒక ఎండాకాలం మండలం నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. నేను పక్కనే ఉన్నాను.

"ఆ వీడియో తీసెయ్యమ్మా, ట్యాంకర్ పంపిస్తాం."

"తీసేదెందుకు సార్? ట్యాంకర్ వచ్చినంక, వచ్చిందని ఇంకోటి పెడతా గదా."

సాయంత్రానికి ట్యాంకర్ వచ్చింది. మా పల్లెకు ట్యాంకర్ అడక్కుండా ఎప్పుడూ రాలేదు, అడిగిన రోజే రావడం అదే మొదలు. "నీళ్లడిగేదానికి మనకు సిగ్గేంది? ఇయ్యనోళ్లకు ఉండాల" అని ఆ రోజు ఆడవాళ్లందరి ముందూ అన్నది.

మరుసటి సంవత్సరం ఎండలు ముదరకముందే దెబ్బ తగిలింది. ఆమె పొద్దున బస్సుకే షాపుకొచ్చి ఫోను నా చేతిలో పెట్టింది. పేజీ నడిపే కంపెనీవాళ్లు వీడియో తీసేశారు. పేజీలో వారం రోజులు ఏమీ పెట్టకూడదన్నారు. కింద తెలుగులోనే రాసి ఉంది. ఆమె వేలు పెట్టి చదివింది: "మీ పోస్టు ఒక వర్గాన్ని కించపరిచేలా ఉంది. ఇది మా సామాజిక ప్రమాణాలకు విరుద్ధం." చదివి నా వైపు చూసింది.

"ఏ వర్గాన్నమ్మా నేను కించపరిచింది?"

నాకు అర్థమవడానికి కాసేపు పట్టింది. "మనల్నే అత్తా. మన పల్లె పేరు చెప్పినావు గదా. ఆ మాటను తిట్టు కింద లెక్కేసినారు."

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "మనం పుట్టిన పేరు తిట్టెట్ల అయితాది? మిషన్‌కు ఈ బుద్ధి ఎవురు నేర్పించినారు?" అన్నది.

అది యంత్రం చేసిన పనో, గిట్టనివాళ్లు గుంపుగా రిపోర్టు కొట్టడం వల్ల జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసింది ఒకటే. ఆమె వీడియోల కింద కొందరు ఆమెను కులం పెట్టి తిట్టారు. ఆ మాటలు ఇక్కడ రాయలేను. వాటిలో పదకొండింటిని ఏరి, ఒక్కొక్కదాని మీద నేనే ఫిర్యాదు పెట్టాను. పదకొండింటికీ ఒకటే జవాబు వచ్చింది: "మేము పరిశీలించాం. ఈ వ్యాఖ్య మా ప్రమాణాలకు విరుద్ధంగా లేదు."

ఆమె ఆ రెండు జవాబులనూ ప్రింటు తీయించింది. ఒకటి ఆమె మాట తప్పు అన్నది, ఇంకొకటి ఆమెను తిట్టిన మాట తప్పు కాదన్నది. రెండింటినీ లామినేషన్ చేయమంది. "చెమటకు తడుస్తాయి, గట్టిగా చెయ్యి. శానామందికి చూపియ్యాల" అన్నది. ఆ అట్టలు రెండూ సంచిలో పెట్టుకుని తిరిగింది. పాస్టరు గారికి చూపించింది. సంఘాల వాళ్లకు చూపించింది. బస్సులో పక్క సీటామెకు కూడా చూపించేది.

వారం గడువు తీరాక నేనొక సలహా చెప్పాను. అది చెప్పినందుకు ఇప్పటికీ బాధపడతాను. "పేరు చెప్పడమెందుకు అత్తా, మా కాలనీ అను చాలు" అన్నాను. ఇష్టం లేకపోయినా నా మాట విని "ఇది మా కాలనీ" అని వీడియో పెట్టింది. ట్యాంకర్ బయల్దేరింది. రోడ్డు పక్కన కొత్తగా కట్టిన ఇళ్లను కూడా కాలనీ అనే అంటారు. డ్రైవరు అక్కడికే పోయి నీళ్లన్నీ పోసి వెళ్లిపోయాడు. మా ఆడవాళ్లు బిందెలతో ఎండలో రెండు గంటలు నిలబడి ఇళ్లకు పోయారు.

అత్త ఫోన్ చేసింది, నన్ను తిట్టలేదు. "చూసినావా తల్లీ, పేరు దాచిపెడితే నీళ్లు దారి తప్పినాయి" అన్నది, అంతే.

మరునాడు మళ్లీ పల్లె పేరుతోనే వీడియో పెట్టింది. ఈసారి నెల రోజులు ఆపారు. నెల దాటాక ఇంకోటి పెట్టింది. అప్పుడు పేజీ మొత్తం మూసేశారు. అప్పటిదాకా పెట్టిన వీడియోలన్నీ దాంతోపాటే పోయాయి. ఫోన్లో చోటు చాలక, పెట్టినది పెట్టినట్టే అందులోంచి తీసేసేది. ఏ రోజు నీళ్లు రాలేదో, ఏ రోజు వచ్చాయో చెప్పడానికి మాకున్న ఆధారం అదొక్కటే. మండల సమావేశంలో "ఎప్పుడెప్పుడు రాలేదో రుజువుందా?" అని అడిగితే, "అన్నీ పేజీలోనే ఉండె సార్" అని నిలబడిపోయింది. ఎవరో నవ్వారట. ఆ నవ్వు గురించి నాకు మూడుసార్లు చెప్పింది. వేరే పేరుతో ఇంకో పేజీ తెరిస్తే, మూసేసిన పేజీని తప్పించుకోవడానికి తెరిచారని దాన్నీ మూసేశారు.

మార్కాపురంలో ఒక వకీలు దగ్గరికి ఇద్దరం పోయాం. మంచాయనే, కూర్చోబెట్టి మొత్తం విన్నాడు. చివరికి, "పేజీ వాళ్లు ఫ్రీగా ఇచ్చినారు గదమ్మా. ఫ్రీగా ఇచ్చినోళ్ల మీద కేసంటే కష్టం" అన్నాడు.

"నా మాటలు గూడా ఫ్రీగానే తీసుకున్నారు గదయ్యా" అన్నది అత్త. ఆయన, ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయమన్నాడు. ఆ చిరునామా వెతికి రాసిచ్చింది ఆయనే.

ఆ ఫిర్యాదు రాసిన మధ్యాహ్నం నాకు బాగా గుర్తు. అప్పటికే వారానికి మూడు రోజులు డయాలిసిస్‌కు మార్కాపురం వస్తోంది. సూది గుచ్చిన చేతిని ఒళ్లో పెట్టుకుని, కౌంటరు పక్కన స్టూలు మీద కూర్చుని చెప్తుంటే నేను టైపు చేశాను. కంపెనీ ఫారంలో వెయ్యి అక్షరాలకు మించి పట్టవు. మాది మూడు వేలు దాటింది.

"తగ్గించాల అత్తా."

"ఏది తీసెయ్యమంటావు?"

బిందెల సంగతి తీసేశాం. వకీలు మాట తీసేశాం. కాలనీకి పోయిన ట్యాంకరు కథా తీసేశాం. ప్రతి వాక్యానికీ ఆమె తల ఊపి "సరే, తియ్" అనేది. కిడ్నీల సంగతి దగ్గర "అది ముందే తియ్, జాలిపడి ఇచ్చేది నాకొద్దు" అన్నది. ఒక్క మాట దగ్గర మాత్రం చెయ్యి అడ్డం పెట్టింది. "మా పల్లె పేరు మేము పలికితే నేరమెట్లవుతుంది అన్నది ఉండనీ. మిగిలిందంతా పోయినా అదుండాల."

అదే ఉంచాం. వెయ్యికి నాలుగక్షరాలు తక్కువ. అదే కాగితాన్ని రిజిస్టర్ పోస్టులో కూడా పంపాం.

ఆ రోజు నుంచి డయాలిసిస్ అయిన ప్రతిసారీ షాపుకొచ్చి "జవాబు వచ్చిందా?" అని అడిగేది. రాలేదంటే స్టూలు మీద కాసేపు కూర్చుని, సీసా మూతలో నీళ్లు పోసుకుని గొంతు తడుపుకునేది. రోజుకు లీటరు మించి తాగొద్దన్నారు డాక్టర్లు. "నాకెట్లనూ లీటరే. వాళ్లకన్నా బిందె రావాల గదా" అనేది. ఆ ఎండాకాలం మా పల్లెకు ట్యాంకర్ సరిగా రాలేదు. ఆడవాళ్లు ఎవరి చేలో బోరు ఆడితే అక్కడికి బిందెలెత్తుకుని పోయారు. ఇద్దరు ముగ్గురు ఆమెను నిలదీశారు కూడా. "అక్కా, ఫోన్లో చెప్తే వచ్చేటియి గదా, ఎందుకు మానేసినావు?" అని. మానేసింది తాను కాదని ఒక్కొక్కరికీ అట్టలు తీసి చూపించింది. వాళ్లకు చదవడం రాదు.

జవాబు వచ్చింది. ఒక గురువారం, ఆమె రాని రోజు వచ్చింది. "మీ ఫిర్యాదును మళ్లీ పరిశీలించాం. మా నిర్ణయంలో మార్పు లేదు. ఈ నిర్ణయం అంతిమం." మనిషి పేరు లేదు, సంతకం లేదు.

మరునాడు వచ్చి అడిగితే "పరిశీలనలో ఉందంట అత్తా" అన్నాను. ఎందుకన్నానో మీకు చెప్పగలను. ఆ రోజు ఆమె మొహం వాచి ఉంది. రెండు మెట్లెక్కడానికి గోడ పట్టుకుంది. ఈ మనిషికి ఇప్పుడు ఇది చెప్పలేననుకున్నాను. తర్వాతిసారి కూడా అదే అన్నాను. అబద్ధం ఒకసారి చెబితే రెండోసారి దానంతటదే వస్తుంది. ఢిల్లీలో ఇంకేదో అప్పీలు కమిటీ ఉందని ఎవరో చెబితే, ఆమెకు తెలియకుండా అక్కడికి రాయడం మొదలుపెట్టాను. మీకు మొదట్లో చెప్పిన, సగంలో ఆగిన కాగితం అదే. అది గెలిచాక రెండూ కలిపి చెబుదామనుకున్నాను. ఇరవై రోజులు అట్లాగే గడిపాను. ఆమె లాంటి మనిషికి, చివరి రోజుల్లో, నిజం దాచిపెట్టినవాళ్లలో నేనూ ఒకదాన్ని.

పోవడానికి రెండు రోజుల ముందు కూడా షాపుకొచ్చింది. స్టూలు మీద కూర్చుంది. షాపాయన టీ తెప్పిస్తే వద్దని, "నా లీటరు లెక్క అయిపోయింది నాయనా ఇయ్యాల్టికి" అని నవ్వింది. నా జడ వదులుగా ఉందని తిప్పి మళ్లీ అల్లింది. నాయనకు జొన్నరొట్టె మెత్తగా చేసి పెట్టమంది. జవాబు వచ్చిందా అని మాత్రం అడగలేదు. అన్ని నెలల్లో మొదటిసారి అడగలేదు. ఆమె ఎప్పుడో కనిపెట్టేసిందని అప్పుడు నాకు తెలిసింది. నేను తల ఎత్తలేకపోయాను.

బస్టాండులో బస్సెక్కించాను. కిటికీ పక్కన సీటు దొరికింది. అద్దం దుమ్ము పట్టి, పైకి లేవకుండా బిగుసుకుపోయి ఉంది. బస్సు వెనక్కి తిరుగుతుండగా చూస్తే, ఆమె సంచిలోంచి ఫోను తీసి, కొంగుతో దాని అద్దం తుడిచి, మొహానికి ఎదురుగా పట్టుకుంది. పెట్టడానికి పేజీ లేదు, చూసేవాళ్లు లేరు. అయినా పెదాలు కదులుతున్నాయి. ఇంజను మోతలో ఏమీ వినపడలేదు. బస్సు మలుపు తిరిగేదాకా ఆమె ఆ ఫోనుకు ఏదో చెబుతూనే ఉంది.