అమ్మ నోటి అచ్చు

ఆమె నన్ను మొట్టమొదట అడిగిన మాట, "నువ్వు రోజూ పళ్ళు తోముకుంటావా?" అని.

మా ఊరి బడి వరండాలో సంఘం ఆడవాళ్ళు ఇరవై మంది కూర్చుని ఉండగా అడిగింది. బెళుగుప్ప మండలంలో పల్లెలకు ఆరోగ్యం పనులు చేసే ఒక సంస్థ అనంతపురంలో ఉండేది. అందులో మా వైపు ఊళ్ళు చూసుకునేది ఆమె. అందరం మేడం అనేవాళ్ళం. సంఘానికి లీడరునని నేను లేచి మాట్లాడబోతే, నా పళ్ళ మీది గోధుమరంగు చారలు చూసి ఆ మాట అంది. కొంతమంది నవ్వారు. నవ్విన వాళ్ళ పళ్ళు నా పళ్ళకంటే తెల్లగా ఏమీ లేవు, అందుకే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇవాళ అడిగినా చెప్పగలను.

"తోముకుంటాం మేడం, కానుగపుల్లతో. ఇది పాచి కాదు. మా బోరు నీళ్ళు తాగి పెరిగినోళ్ళకు పళ్ళు ఇట్లనే వస్తాయి" అన్నాను.

"ఓహో, ఫ్లోరైడా" అంది. ఏదో రాసుకుంది. తర్వాత నన్ను వెలుతురులోకి రమ్మని, పెదవులు పైకెత్తించి ఫోటో తీసింది. "దుడ్లిచ్చేవాళ్ళకు చూపించాలి" అంది. మేడం కోస్తా మనిషి. డబ్బును మేము దుడ్లు అంటామని, ఆ మాట మా కోసం నేర్చుకుని పలికింది. ఆ ఫోటో మరుసటేడు వాళ్ళ ఆఫీసు గోడ మీద క్యాలెండరులో చూశాను. ముక్కు కింద నుంచి గడ్డం దాకా నేను. మిగతా ముఖం లేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, వానలు వరసగా తప్పిన ఏళ్ళలో జరిగింది ఇది. ఆ రోజు అంత అవమానం జరిగినా నేను కూర్చోకుండా అర్జీ చదివాను. ఎందుకంటే అది అమ్మ కోసం రాసిన అర్జీ.

మా వైపు ఎండాకాలంలో ఆడవాళ్ళకు దొరికే పని విత్తనం శనక్కాయలు ఒలవడం ఒక్కటే. మిషనులో వేస్తే గింజ పొర చిట్లుతుంది, చిట్లిన గింజ మొలవదు. అందుకని కళ్యాణదుర్గం షావుకారు మూటలు తెచ్చి ఇంటింటికీ వేసి పోయేవాడు. కొలతకింత అని కూలి. కాయల మీద నీళ్ళు చిలకరించి వేళ్ళతో నొక్కి ఒలవాలి. రెండో రోజుకు బొటనవేలు వాస్తుంది, మూడో రోజుకు గోరు కింద రక్తం కడుతుంది. అప్పుడు కాయను పంటి కింద పెట్టి పట్ మనిపిస్తారు. పంటితో కొరికితే గింజకు దెబ్బ తగలకుండా కాయ మాత్రం పగులుతుంది, అది చేతనైన వాళ్ళకు. అమ్మకు బాగా చేతనయ్యేది. నా చిన్నప్పటినుంచీ ఎండాకాలం మధ్యాహ్నాలు మా ఇంట్లో వినబడే చప్పుడు అదే. నలభై ఏళ్ళు అట్లా కొరికి, నేను అర్జీ రాసేనాటికి ఆమెకు పదకొండు పళ్ళు మిగిలాయి. వాటిలో రెండు చీము పట్టాయి. నెలలో పది రోజులు దవడ వాచి ఒక కన్ను మూసుకుపోయేది. పొగాకు పొడి అదుముకుని పడుకునేది.

అర్జీలో ఇదంతా రాశాను. శనక్కాయలు ఒలిచే ఆడవాళ్ళ నోళ్ళు చూడటానికి ఒక డాక్టరు కావాలి, పీకిన పళ్ళ చోట కట్టుడుపళ్ళ సెట్లు పెట్టించాలి, మా చేత అయ్యే పని కాదు కాబట్టి ఎవరైనా దుడ్లు పెట్టాలి అని రెండు పేజీలు. ఆ రెండు పేజీల మీదనే విదేశాల్లో వాళ్ళెవరో ఒప్పుకున్నారని తర్వాత తెలిసింది. మేడం దాన్ని ఇంగ్లీషులోకి మార్చి పంపింది. ఎవరు రాశారని అందులో ఉందా అని అడిగాను. "కమ్యూనిటీ నుంచి వచ్చిందని రాశాం" అంది. కమ్యూనిటీకి చేతిరాత ఉంటుందా అని నేను అడగలేదు. అడగాల్సింది.

ఏదైతేనేం, పళ్ళ డాక్టరు వ్యాను వచ్చింది. బడిలో రెండు కుర్చీలు వేశారు. డాక్టరు చిన్నవాడు, మంచివాడే. అమ్మ నోరు చూసి, "పెద్దమ్మా, ఈ పదకొండూ కదులుతున్నాయి. రెండు పీకి తొమ్మిది ఉంచితే వాటికి సెట్టు నిలవదు. అన్నీ తీసేద్దాం. మూడు నెలలు చిగుళ్ళు మానితే కొలత తీసి పైనా కిందా పూర్తి సెట్టు ఇస్తాం" అన్నాడు.

అమ్మ నా వైపు చూసింది. "నొప్పి ఉండేటివి రెండు పీకితే చాలు కదా పాపా. మిగిలినవి ఉండనీ. ఉన్నన్ని దినాలు ఉంటాయి."

"ఉండి ఏం చేస్తాయిమా? వాటితో రొట్టె కొరుకుతాండావా?"

"కొరకను. నానబెట్టుకుంటా. అయినా ఉండాయి కదా."

"ఆ సామి చదువుకున్నాడా, నువ్వు చదువుకున్నావా? గమ్మున నోరు తెరు."

తెరిచింది. మూడు వారాలు వరసగా వ్యాను వచ్చింది, మూడు విడతల్లో అన్నీ తీశారు. చివరి రోజు దూది అదిమిన నోటితోనే, కాగితంలో చుట్టి ఇచ్చిన పళ్ళను డాక్టరుకు చూపించి, "చిన్నపిల్లోళ్ళవి ఇంటిమీదికి ఏస్తే మళ్ళా మొలుస్తాయంటారు. ఇవి ఏసేదా సామీ?" అంది.

"వెయ్యి పెద్దమ్మా. మొలిస్తే మాకు సెట్టు ఖర్చు తగ్గుతుంది" అన్నాడు. అందరూ నవ్వారు. అమ్మ కూడా.

మూడు నెలలూ ఆమె సంగటిలో చారు పోసుకుని మింగింది. దవడ వాపు పోయింది, అది నిజం, కాదనను. చిగుళ్ళు మానాక వ్యాను మళ్ళీ వచ్చింది. గులాబీరంగు ముద్ద ఒకటి గరిటె లాంటి దాంట్లో పెట్టి నోట్లో అదిమారు. అమ్మ ఉక్కిరిబిక్కిరై డాక్టరు చేయి గట్టిగా పట్టుకుంది. ఆ ముద్దలో ప్లాస్టరు పోసి అచ్చు తీశారు. తెల్లటి అచ్చు రెండు ముక్కలు, పైదీ కిందిదీ. అమ్మ వాటిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది నా నోరా? నీళ్ళెండిపోయిన వాగువంక మాదిరి ఉండాది" అంది.

వాటి అడుగున నీలి సిరాతో పదిహేడు అని అంకె వేసి తీసుకుపోయారు. ఊరు మొత్తానికి అట్లా ఇరవై మూడు మందివి. సెట్లు ఎప్పుడని అడిగితే మేడం, "మొదటి ఏడాది డబ్బు చికిత్సకే. సెట్లు రెండో ఏడాది డబ్బులోంచి. దానికి ముందు డోనర్లు వచ్చి చూసి వెళ్తారు" అంది. ఏ రోజు వస్తారో కబురు చేస్తాననీ, నేను తప్పకుండా ఉండాలనీ చెప్పింది. శుక్రవారం అని కబురు వచ్చింది. వాళ్ళు గురువారం వచ్చారు.

గురువారం నేను మండలాఫీసులో ఉన్నాను. నీళ్ళ ట్యాంకరు పై వీధిలోనే ఆగి పోతోందని, మా వీధికి రావడం లేదని అర్జీ ఇవ్వడానికి పోయాను. ఎండలో మూడు గంటలు నిలబెట్టి, రేపు రమ్మన్నారు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పక్కింటామె వాకిట్లోనే ఎదురైంది.

"యాడికి పోయినావక్కా? దొరసాని వచ్చినాది, దొర వచ్చినాడు. మీ ఇంట్లోనే అరగంట కూర్చున్నారు. పెద్దమ్మ ఎంత బాగా మాట్లాడినాదో."

ఆ బాగా మాట్లాడిన మాటలన్నీ పక్కింటామె నోటనే విన్నాను. మేడం అడిగిందట, నోట్లో నొప్పి ఉందా అని. లేదు తల్లీ అందట. తింటున్నావా? తింటాండా. మాట్లాడ్డానికి ఇబ్బందా? ఏం ఇబ్బంది, మాట్లాడతాండా కదా. ఇంకా ఏమైనా కావాలా పెద్దమ్మా, సిగ్గుపడకుండా చెప్పు. "ఏం వద్దమ్మా. మీరు ఇంత ఎండన పడి మా ఇంటికి వచ్చినారు, అంతే చాలు. మేం బాగుండాం." మేడం దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. దొరసాని చేతులు జోడించి నమస్కారం పెట్టిందట.

అంతటితో ఆగలేదు. అమ్మ లోపలికి పోయి విత్తనం మూటలోంచి దోసెడు కాయలు తీసి, ఒలిచి, పెనం మీద వేయించి, బెల్లం ముక్కలు కలిపి పళ్ళెంలో పెట్టింది. షావుకారు మూటలోంచి గింజ తీయడం అమ్మ అప్పటిదాకా జన్మలో చేయలేదు. వాళ్ళు ఇష్టంగా తిన్నారట. దొర పళ్ళెం అమ్మ వైపు జరిపి నువ్వూ తిను అని సైగ చేస్తే, "నేనిప్పుడే తిన్నా సామీ" అందట.

నేను ఇంట్లోకి పోయాను. అమ్మ కాయలు ఒలుస్తోంది.

"సెట్టు కావాలని ఒక్క మాట చెప్పేదానికి నోరు రాలేదా నీకు?"

"ఇంటికొచ్చినోళ్ళ ముందర ఏడుపు చెప్పుకుంటారామే? వాళ్ళు నీళ్ళు కూడా తాగకముందే నాకిది కావాల, నాకది కావాల అంటే ఏమనుకుంటారు?"

"వాళ్ళు చుట్టాలు కాదుమా. నీకేం కావాలో రాసుకుని పోయేదానికే వచ్చినారు."

"ఎవరైతేనేమి. మన ఇంటి కడప దాటి లోపలికి వచ్చినారు. నువ్వు ఉన్నింటే నువ్వే చెప్పుకుంటాంటివి. నీకు అలవాటు."

ఆ చివరి మాటను కూడా నేను మరచిపోలేదు.

మా ఊళ్ళో అందరూ అంతే. పక్కింటామెనూ అడిగారట, ఆమె కూడా బాగుండాం అంది. ఇరవై మూడు బోసి నోళ్ళు, ఇరవై మూడూ బాగున్నాయి. మా వైపు బాగుండావా అని అడగడం పలకరింపు, బాగుండా అనడం మర్యాద. తిండి లేని ఇంట్లో కూడా వచ్చినవాడికి జవాబు అదే. అది మేడానికి తెలియదా? ఇన్నాళ్ళుగా మా ఊళ్ళు తిరుగుతున్న మనిషికి తెలియకపోతే ఎవరికి తెలియాలి?

రెండు నెలలు చూసి అనంతపురం పోయాను. మేడం ఒక కాగితం తీసి తెలుగులో చెప్పింది. పెద్దవాళ్ళలో చికిత్స బాగా పనిచేసింది, సంతృప్తిగా ఉన్నారు, తక్షణ అవసరాలేవీ చెప్పలేదు. కాబట్టి రెండో ఏడాది డబ్బు మొత్తం బడిపిల్లలకు బ్రష్షులు, పేస్టు, పాఠాలు.

"అచ్చులు తీసినారు కదా మేడం."

"నేనేం చేయను? డోనర్లే స్వయంగా వచ్చి అడిగారు. మీ అమ్మగారే చెప్పారు."

పిల్లలకు వద్దని నేను అనలేదు. అన్నానని తర్వాత మేడం మీటింగులో చెప్పింది, అది అబద్ధం. నేను అన్నది, ట్యాంకరు వారానికి రెండుసార్లు వచ్చే ఊళ్ళో పేస్టు నురగ కడుక్కోవడానికి నీళ్ళు యాడివి అని. కానుగపుల్లకు చెంబెడు నీళ్ళు చాలు. బ్రష్షులు వచ్చాయి. పేస్టు తియ్యగా ఉందని పిల్లలు రెండు రోజుల్లో నాకేశారు. బ్రష్షులతో మా వీధిలో ఎద్దుల కొమ్ములకు రంగు పూశారు. ఫ్లోరైడు నీళ్ళు మాత్రం అవే.

ఏడెనిమిదిసార్లు తిరిగాను. ఒకసారి మేడం లేదన్నారు, ఆమె చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి. ఒకసారి కూర్చోమన్నారు కానీ కుర్చీ చూపించలేదు. రిజిస్టరు పోస్టులో పంపిన అర్జీల రసీదులు ఇప్పటికీ నా పెట్టెలో ఉన్నాయి. ఒక్కదానికీ జవాబు రాలేదు. మూడో ఏడాది, ఆఫీసు వేరే ఇంటికి మారుస్తున్నారని తెలిసి పోయాను. వరండాలో అట్టపెట్టెలు పేర్చారు. ఒకదాంట్లో ఆ అచ్చులు, కొన్ని విరిగి, పాత క్యాలెండర్ల మధ్య ఉన్నాయి. ఒక్కొక్కటే తిప్పి చూస్తూ కూర్చున్నాను.

మేడం బయటికి వచ్చింది. "ఏం వెతుకుతున్నావు?"

"పదిహేడు."

"ఏం చేసుకుంటావు దాన్ని?"

"మా అమ్మది" అన్నాను.

ఆమె లోపలికి పోయింది. పాత పేపరు ఒకటి తెచ్చి ఇచ్చింది, చుట్టుకోమని. ఆ ఒక్క పని చేసిందని కూడా రాయాలి.

బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. అమ్మ విప్పి చూసి, "సెట్టు వచ్చినాదా?" అంది. రెండు ముక్కలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి, అవి కలవకపోతే మళ్ళీ తిప్పి పెట్టి చూసింది. తర్వాత తన పాత రవికగుడ్డలో కట్టి గూట్లో పెట్టింది. "పోనీలేమే. వాళ్ళు మాత్రం ఏం చేస్తారు" అంది.

ఆ తర్వాత నాలుగేళ్ళు బతికింది. రొట్టె, కాయ, జామపండు అన్నీ మానేసింది. విత్తనం కాయలు వేళ్ళతోనే ఒలిచేది, ముందు చేసిన కొలతలో సగం కూడా అయ్యేది కాదు. ఒక్కోసారి మరచిపోయి కాయ నోట్లో పెట్టుకుని, చిగుళ్ళ మధ్య తిప్పి, తీసి పక్కన పెట్టేది. నేను చూశానేమోనని చూసేది. చివరి వారం, తాగిన గంజి కూడా నిలవనప్పుడు, ఆసుపత్రిలో నర్సమ్మ ఎట్లా ఉందని అడిగింది. అమ్మ "బాగుండా తల్లీ" అంది.

ఈ సంగతి మీద నేను రాసిన అర్జీల్లో మేడం ఉంది, డాక్టరు ఉన్నాడు, ఒక రోజు ముందే వచ్చిన దొరసాని ఉంది, మాటను మాటగానే ఇంగ్లీషు చేసిన తప్పు ఉంది. అమ్మ చెప్పిన జవాబు కూడా ఉంది. పదకొండు పళ్ళు ఉండనీ అని ఆమె అంటే, గమ్మున నోరు తెరవమన్నది ఎవరో మాత్రం వాటిలో ఎక్కడా రాయలేదు.

అచ్చు ఇంకా గూట్లోనే ఉంది. ఎండాకాలం రాగానే దుమ్ము దులిపి మళ్ళీ కడతాను. ఇప్పుడు మా వీధికి మూటలు రావు, షావుకారు గింజ చిట్లని కొత్త మిషను పెట్టుకున్నాడు.