రాతి మీద పులిహోర

మా ఆయన కొండల్ రావుకి కోపం ముక్కు మీదే ఉంటుంది. వారమంతా అమెరికాలో మోరిస్‌విల్ పక్కన కంపెనీలో ఉద్యోగం. శుక్రవారం వచ్చిందంటే భుజానికి సంచి తగిలించుకుని పడమటి కొండల్లోని నేషనల్ పార్క్‌కి పోవడమే. అక్కడైనా కార్లు ఆగే చోట ఉంటారా? కుళాయి లేని, బాత్రూమ్ లేని, పూటంతా నడిస్తే గానీ చేరలేని చోట గుడారం వేసేవారు. "ఇవన్నీ లేకే కదండీ ఇండియా నుంచి వచ్చాం!" అని స్నేహితులు నవ్వితే ఆ నవ్వుకీ కోపమే. దారిలో చాక్లెట్ కాగితం కనిపిస్తే, పడేసినవాడి ఏడు తరాలనూ తిట్టి, జేబులో వేసుకుని తెచ్చేవారు.

ఆయన మెత్తబడేది ఒక్క ఎలుగుబంటి దగ్గరే. చెవి చిరిగిన ఆడ ఎలుగు. ఏటా వాగు అవతల కనిపించేది, ఆయనను చూసి తప్పుకునేది. "మనమంటే భయమున్నన్ని దినాలే దానికి ఆయుష్షు" అనేవారు. మనిషి తిండి రుచి మరిగిన ఎలుగు గుడారాల మీద పడుతుంది. అప్పుడు పార్క్ వాళ్ళు కాల్చేస్తారు. అందుకే తిండి మూటను తాడుతో ఎత్తయిన కొమ్మకు వేలాడదీసేవారు. నా చేతిలోంచి ఒక్క మెతుకు రాలినా నా మీద విరుచుకుపడేవారు.

1984లో మా అన్నయ్య దత్తాత్రేయ కరీంనగర్ నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్నాడు. సరదాపడితే కొండకు తీసుకెళ్ళాం. తినేముందు ఒక ముద్ద కాకికో కుక్కకో తీసిపెట్టడం మా పుట్టింటి అలవాటు. అక్కడ మాత్రం వద్దని మా ఆయన దారిపొడవునా చెప్పారు. అన్నయ్య ఊకొట్టాడు.

పొద్దున్నే మేమిద్దరం వాగు నుంచి నీళ్ళు తెచ్చేసరికి రాతి మీద కాగితం పళ్ళెం, అందులో పులిహోర. చెవి చిరిగిన ఎలుగు దాన్ని నాకుతోంది. అన్నయ్య చెట్టు చాటున చేతులు జోడించి నిలబడ్డాడు.

మా ఆయన గిన్నెలు బాది, అరిచి దాన్ని తరిమారు. పోతూ పోతూ అది పళ్ళెం వైపే చూసింది.

"ఎన్నిసార్లు చెప్పిన బావా నీకు!"

"నోరులేని జీవం. గింత బువ్వ పెడితే ఏమైతది?"

"సస్తది! నీ పుణ్యానికి అది సస్తది!"

కొండ దిగగానే ఆయనే పార్క్ కాపలా చూసే రేంజర్‌కి జరిగింది చెప్పారు. పరువు తీశాడని అన్నయ్య అలిగాడు.

కొన్నాళ్ళకు రేంజర్ ఫోన్ చేశాడు. ఆ చెవి చిరిగిన ఎలుగు అదే చోట ఎవరి గుడారమో చీల్చిందట. కాల్చేశారట. మా ఆయన ఒక్క తిట్టు తిట్టలేదు. వెళ్ళి గ్యారేజీలో కూర్చున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. అన్నయ్యను కడిగేద్దామని లేస్తే, "ఊరికి పోయే మనిషికి ఎందుకు చెప్పుడు" అని ఆయనే ఆపారు.

అన్నయ్య వెళ్ళే ముందు నలుగురిని భోజనానికి పిలిచాం. అన్నయ్య అందరి ముందూ మొదలుపెట్టాడు.

"మా బావకు భయం. నేనైతే ఎలుగ్గొడ్డుకు ఈ చేతులతోని బువ్వ పెట్టిన. గసువంటి పుణ్యం ఎవరికి దొరుకుతది?"

అందరూ నవ్వారు. మా ఆయన తల వంచుకుని అన్నం కలుపుతూనే ఉన్నారు. ముద్ద నోటికి పోలేదు.

నేను గరిటె గిన్నెలో పడేశాను.

"బువ్వ కాదన్నా. బతికుండంగనే దానికి పిండం పెట్టినవ్. కాల్చి చంపిన్రు దాన్ని."

అన్నయ్య పళ్ళెం పక్కన, అలవాటు ప్రకారం తీసిపెట్టిన ముద్ద ఉంది. దాన్ని బయట పెట్టడానికి ఎవరూ లేవలేదు.