కొత్త పడుగుకు తొలి పోగు

"ఈసారి తొలి పోగు నేనే ఏస్తాలేక్కా. నీ మోకాలు గుంటలోకి దిగదు."

"పెద్దకోడలు బతికుండంగా చిన్నకోడలు ఏస్తాదా? యాడన్నా ఉందా?"

"నీ మాటకేం తక్కువ లేదు. కాలికే తక్కువొచ్చింది."

నా తోడికోడలు నవ్వుతూనే అన్నది. నేల మీద బాసింపట్టు వేసుకుని కండెలు చుడుతూ అన్నది. నేను ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాను. నాకు అదే మండింది.

మగ్గం ఎమ్మిగనూరులో వాళ్ళింట్లో ఉంది. కింద గుంటలోకి కాళ్ళు దించి కూర్చుని నేయాలి. నేనుండేది ఆదోనిలో. అయినా నిలువు పోగుల కొత్త పడుగు ఎక్కించినప్పుడల్లా అడ్డంగా తొలి పోగు పెద్దకోడలే వేయాలని మా అత్త పెట్టిన కట్టడి. ఇన్నేళ్ళూ బస్సెక్కి వచ్చి నేనే వేశాను. నిన్న కూడా ఆటో దండగని బస్టాండు నుంచి నడిచే వచ్చాను.

ఇద్దరికీ కుడి మోకాలే మార్చారు. నాది ముందు, ఆమెది తర్వాత. ఆపరేషన్లయ్యాక ఎక్కించిన తొలి పడుగు ఇదే. పైనా కిందా లోహం, నడుమ ప్లాస్టిక్ బిళ్ళ. నా బిళ్ళ కదలదు. ఆమెది కొంచెం అటూ ఇటూ తిరుగుతుంది.

"నాకెందుకు తిరిగేది ఏయలేదప్పా?" అని డాక్టరును నిలదీశాను.

"రెండూ మంచివేనమ్మా. కాలు ఎంత ముడుచుకుంటుందనేది బిళ్ళ ఒక్కదాన్ని బట్టే ఉండదు. ఆమెకు ఆపరేషన్‌కు ముందే బాగా ముడుచుకునేది. నీకు అప్పటికే బిగుసుకుపోయింది. నువ్వు కుర్చీలోనే కూర్చో" అన్నాడు.

విన్నాను, నమ్మలేదు. ఆమె నేల మీద నుంచి లేచినప్పుడల్లా నా కళ్ళు ఆ మోకాలి మీదికే పోతాయి.

"గుంటలో తొక్కేదే గదా పని? ముడిసేది, సాపేది. తిరిగేది యాడుంది ఆడ?" అన్నాను తోడికోడలితో.

"దిగేదెట్లక్కా? ఎత్తి పెట్టాల్నా?"

"ఎవురూ ఎత్తనక్కర్లేదు. గుంటలో మెట్టు మాదిరి ఒక ఎత్తుపీట ఎయ్యి."

"పడితే ఇంకో మోకాలు మార్పించుకోవాల."

"అప్పుడు నీ మాదిరిది ఏయించుకుంటాలే."

తెల్లవారాక ఆమే పీట వేసింది. మగ్గం గుంజ పట్టుకుని ఒక్కో కాలే దించి, వెనకున్న పలక మీద కూర్చున్నాను. కుర్చీలో కూర్చున్నట్టే ఉంది. కింది తొక్కుడుచెక్క తొక్కి, పోగున్న నాడె పడుగు నడుమ నుంచి విసిరాను. తొలి పోగు పడింది.

పైకి రావడానికి మాత్రం ఆమె చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. నేను కుర్చీలో కూర్చున్నాను. ఆమె పీట తీసి పక్కన పెట్టి, ఒక్క ఊపున గుంటలోకి దిగి రెండో పోగు వేసింది.