వెనక సీటు మూలుగు

నాకు స్పీడంటే పిచ్చి. దాచుకోవలసిన సంగతేమీ కాదు. వారమంతా గవర్నర్‌పేట ట్రాఫిక్‌లో ఆఫీసుకు పాక్కుంటూ వెళ్లి, పాక్కుంటూ వచ్చేదాన్ని కాబట్టి, ఆదివారం వచ్చేసరికి ప్రాణం కృష్ణా కరకట్ట మీదికి లాగేది. అందుకే టర్బో ఇంజనున్న పాత కారొకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. గుణదల చర్చిలో పూజ అవగానే అత్తగారిని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, కట్ట వెంట ఆవిడ చెల్లెలి ఊరికి తీసుకెళ్లేదాన్ని.

రెండో ఆదివారమే ఆవిడ అన్నారు, మలుపు తిరిగినప్పుడల్లా వెనక ఎవరో మూలుగుతున్నారని. నాకేమీ వినబడలేదు. మీ మోకాళ్లేమో చూసుకోండి అన్నాను. ఆవిడ నవ్వలేదు. ఆ రోజు నుంచీ ఎడమ తలుపుకు అతుక్కుని, పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చోవడం మొదలుపెట్టారు. అద్దంలో ఆ ఖాళీ కనబడితే నాకు ఒళ్లు మండేది. ఒక్కదాన్నే నడుపుతున్నప్పుడు మాత్రం అద్దంలోకి చూడబుద్ధయ్యేది కాదు.

మూలుగు సంగతి అటుంచితే, మలుపుల్లో బండి నడుము వదులుగా ఊగుతున్నట్టు నాకూ తెలుస్తూనే ఉంది. బ్రేసింగ్ బార్ వేయిస్తే హ్యాండ్లింగ్ మారిపోతుందని ఫోన్లో వీడియోలు చూసి నమ్మాను. బానెట్ కింద, ముందు రెండు షాకబ్జార్బర్ల పైభాగాలను కలిపి బిగించే ఇనప కడ్డీ అది. ఆటోనగర్‌లో బాడీలు సరిచేసే ఒక ముసలి మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. ముందు బండిని పైకి లేపి ఒక పూట కింద చూస్తానన్నాడాయన. కడ్డీ బిగించడానికి పొట్ట కోసి చూడాలా అని కసిరాను. పాపం, చెప్పినట్టే బిగించాడు.

ఆయనకో అలవాటుంది. బండి పంపేముందు నాలుగు తలుపుల దగ్గరా, తలుపు మీది నుంచి బాడీ మీదికి సన్నగా తెల్ల రంగుతో ఒక్కో గీత గీస్తాడు. గీత కలిసి ఉన్నన్నాళ్లూ బాడీ కలిసి ఉన్నట్టేనట. తుడవొద్దన్నాడు.

ఒకటి ఒప్పుకోవాలి, బార్ పనిచేసింది. స్టీరింగ్ తిప్పీ తిప్పకముందే బండి ముక్కు మలుపులోకి దూరిపోతోంది. ఆ ఆదివారం మూలుగు కూడా లేదన్నారు అత్తగారు. "చూశారా, దెయ్యాన్ని నట్లు పెట్టి బిగించేశా" అన్నాను.

"మూలిగే మనిషి మూలగడం మానేస్తే నయమైనట్టేనా, అమ్మాయ్?"

 ఆ మాటకు వచ్చిన కోపంలో యాక్సిలరేటర్ ఇంకా గట్టిగా తొక్కాను.

మర్నాడు సెలవు. కారు పోర్టికోలోనే ఉంది. పొద్దున్నే పూలు కోస్తున్న అత్తగారు నన్ను పిలిచి, వెనక ఎడమ తలుపు చూపించారు. ఆవిడ కూర్చునే వైపు. గీత విడిపోయింది. తలుపు మీది ముక్కకూ బాడీ మీది ముక్కకూ మధ్య బియ్యపు గింజంత తేడా. మీ కళ్లజోడు మార్పించుకోవాలి అన్నాను. సాయంత్రం ఆవిడ చూడకుండా నేనే వెళ్లి చూసుకున్నాను. బండిని ఎవరూ కదపలేదు. రెండు గింజలంత అయింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మంగళవారం ఇద్దరం ఆటోనగర్ వెళ్లాం. నేను స్పీడు ఇరవై దాటించలేదు.

మేస్త్రీ బండిని జాకీ మీదికెత్తి, వెనక సీటు తీసి, కింద పరిచిన మ్యాట్ లేపాడు. ఈ పక్క నుంచి ఆ పక్కకి ఒక వెల్డింగ్ గీత, దాని మీద పూసిన పుట్టీ పగిలి ఉంది. పగుల్లో ఆయన గోరు పూర్తిగా దూరింది. నల్ల పెయింటు గీకితే గీతకు ముందు తెలుపు, వెనక నీలం. 

"రెండు బళ్లమ్మా ఇది. గుద్దుకున్న రెండింట్లో మిగిలిన సగాలు అతికించి అమ్మారు" అన్నాడు. "బార్ మంచిదే, మంచి బాడీకి. ముందు సగం బిగుసుకునేసరికి మెలికంతా ఈ అతుకు మీద పడింది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు. ఇంకో ఆదివారం కట్ట మీద తిప్పుంటే, అమ్మగారు కూర్చున్న చోటే విడిపోయేది."

గుద్దుకున్నప్పుడు ఆ నీలం సగంలో ఎవరు కూర్చున్నారో మేం అడగలేదు. 

బార్ విప్పి, జాకీ మీద నుంచి బండిని మెల్లగా దించాడు. చక్రాలు నేలకు ఆనగానే వెనక నుంచి సన్నగా, చాలాసేపు, ఒక మూలుగు. ఇనుము చప్పుడు నాకు తెలుసు. ఇది అది కాదు.

"ఇప్పుడు వినబడిందా?" అన్నారు అత్తగారు.

వినబడిందన్నాను. ఆవిడ చెయ్యి పట్టుకుని క్షమించమన్నాను, పెళ్లయ్యాక మొదటిసారి. కారు అక్కడే వదిలేసి ఆటో ఎక్కాం. సిగ్గుతో, భయంతో ఆవిడకు ఆనుకుని కూర్చున్నాను.

"కొంచెం అటు జరుగమ్మాయ్" అన్నారావిడ, మా ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత చోటు చేస్తూ.