ఎవులేలాడతన్నారో సూడు

విజయనగరంలో ఓ ఆసుపత్రి సర్వర్ చూసుకునే మా సీనియర్‌ని అందరం మావా అనేవాళ్ళం. రోగుల పేర్లు, ల్యాబు, బ్లడ్ బ్యాంకు దేని మాడ్యూల్ దానిదే. ఒకటి ఆపినా మిగతావి నడవాలి. అయినా మరమ్మతు కోసం నేను ఏది ఆపబోయినా మావ నా మణికట్టు పట్టుకునేవాడు.

"దీన్నట్టుకుని ఇంకెవులేలాడతన్నారో సూడురా ముందు."

ఒకసారి చూడకుండా పేర్ల మాడ్యూల్ ఆపేశాను. దాని మీద ఆధారపడ్డ బ్లడ్ బ్యాంకు మాడ్యూలూ ఆగిపోయింది. పైన ఆపరేషన్ జరుగుతోంది. మావ తిట్టలేదు. పొద్దున ప్రింటు తీసి దాచిన రోగుల బ్లడ్ గ్రూపుల కాగితం పట్టుకుని మెట్లెక్కి పరుగెత్తాడు. రక్తం సమయానికి అందింది.

మావ రిటైరై నెలయింది. ఇవాళ ఆ పేర్ల మాడ్యూలే ఆపాలి, బ్లడ్ బ్యాంకుని ఇప్పటికే కొత్తదానికి మార్చేశాం. రెండుసార్లు చూశాను, దాన్ని పట్టుకుని ఎవరూ వేలాడటం లేదు. అయినా మీట మీద వేలుంచి, మణికట్టు మీద చెయ్యి పడుతుందేమోనని ఆగాను.